నీళ్లతో వేసిన బొమ్మ

మా చిన్నదానికి బొమ్మల పోటీలో వచ్చిన స్టీలు క్యారియరు ఏడాదిన్నరగా మా అటక మీదే ఉంది. అట్టపెట్టె కూడా విప్పలేదు. మూడు గిన్నెలది, మంచి బరువు, క్లిప్పు కూడా గట్టిది. కొత్త స్టీలు సామాను వాడకుండా పైన పడి ఉంటే నాకు ప్రాణం ఊరుకోదు. అయినా దాన్ని దించలేదు. ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగు కథ, కుక్కర్ పెట్టేసి కూర్చోండి.

అప్పుడది మూడో తరగతి. స్కూల్లో పోటీ పెట్టి బొమ్మ ఇంటి దగ్గర వేసి తెమ్మన్నారు. విషయం 'వానాకాలం'. మా నంద్యాలలో వాన దూరపు చుట్టం లాంటిది, వచ్చిన రోజు అందరం వాకిట్లోకి పరిగెత్తి చూస్తాం. సరిగ్గా ఆ శనివారం సాయంత్రం గట్టి వాన పడింది, కరెంటు పోయింది. మరుసటి రోజు పొద్దున అది వరండాలో బోర్లా పడుకుని షీటు నిండా రంగులు వేసింది. నేను పప్పుకు తాలింపు పెట్టి వచ్చి చూస్తే ఏముంది? పై నుంచి కిందికి ఏటవాలుగా బూడిద రంగువీ నీలంవీ గీతలు. కొన్ని సగంలోనే ఆగిపోయాయి. కింద మట్టిరంగు ముద్ద, దాని మీద గోటితో గీకిన గీరలు. ఒక మూలన పసుపు మరక, వేలితో అద్దినట్టు.

"ఇదేందే?" అన్నాను.

"వాన."

"వాన సరే. గొడుగేది? ఇల్లేది? మనుషులేరి?"

"ఇది వాన సప్పుడమ్మా. మనుషులు కనపడరు."

"మరి ఈ పసుపేంది?"

అది నా మొహం కాసేపు చూసి, "జేజి ముట్టించిన దీపం" అని చెప్పి లేచి పోయింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక కుంచె నేను తీసుకున్నాను. ఇంటర్లో నా బోటనీ రికార్డు చూసి లెక్చరరు మెచ్చుకునేవారు, గీత నాకు బాగానే వస్తుంది. ఆ ఏటవాలు గీతల మధ్య గొడుగు పట్టుకున్న పాపను వేశాను. పసుపు మరక చుట్టూ గుడిసె కట్టాను, మరక కిటికీ అయింది. కింద మట్టిలో కాగితం పడవ. పైన ఇంగ్లీషు 'వి' అక్షరంలా రెండు పక్షులు. అంత వానలో పక్షులు ఎందుకు ఎగురుతాయో దేవుడికే ఎరుక! చెడగొడుతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. హోంవర్కు, ప్రాజెక్టు, తలలో పేన్లు, అన్నీ మనమే కదా చూసేది. ఇదీ అంతే అనుకున్నాను.

రెండో బహుమతి వచ్చింది.

గోడకు తగిలించినప్పుడు అది చూసుకుందట. స్కూల్లో ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి క్యారియరు పొయ్యి గట్టు మీద పెట్టి, "ఇది నీది" అంది. కోపంగా కూడా కాదు, పక్కింటివాళ్ల గిన్నె తిరిగిచ్చినట్టు.

ఆ తర్వాత బొమ్మలు వేయడం మానేసింది. నాకు ముందు తెలియలేదు. దసరా సెలవుల్లో రంగుల పెట్టె పక్కింటి పిల్లకు ఇచ్చేసిందని తెలిసినప్పుడు గుండెలో కలుక్కుమంది. మావారికి చెప్తే, "పోనీలే, చదువు మీద పడుతుంది" అన్నారు. ఆయన తప్పు కాదు. మాది బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పేరుపడ్డ ఊరు. వేరే జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతూ వీధివీధినా కనపడతారు. నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైంది, దాన్ని ఎంత తొందరగా పట్టుకుంటే అంత గొప్ప. ఆ గాలి పీల్చే మనం ఇంట్లో కూడా అట్లాగే మాట్లాడతాం. "ఇదేంటి?" అన్న నా ప్రశ్న కూడా అలాంటిదే. ఒక జవాబు నా దగ్గర ముందే ఉంది, అది దానికి రాలేదు.

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. నంద్యాల నుంచి బస్సులో సిరివెళ్ల మీదుగా గంట పైచిలుకు. రాతి శిల్పాలకు పేరున్న ఊరని మీలో చాలామందికి తెలుసు. ఆళ్లగడ్డ శిల్పాలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఊళ్లోకి రాగానే రోడ్డు పక్కన షెడ్ల ముందు సగం చెక్కిన ఆంజనేయులూ, వినాయకులూ, ఇంకా కళ్లు తెరవని అమ్మవార్లూ కనపడతారు. మా చిన్నప్పుడు ఉలి సప్పుడే మాకు గడియారం. అది ఆగితే భోజనాల వేళ. ఇప్పుడు కటింగ్ మిషన్ల మోత, దుమ్ము ఎక్కువయ్యాయి కానీ, నునుపు పని దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ చెయ్యే.

మే నెలలో పిల్లల్ని తీసుకుని వెళ్లాను. మా సీమలో మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. మా నాన్న ఇంటి ముందు నల్ల బండలు పరిచి ఉన్నాడు. సాయంత్రం నాలుగున్నరకు కూడా వాటి మీద కాలు పెట్టలేం. చల్లారాలని మా అమ్మ రోజూ బక్కెట్టుతో నీళ్లు చల్లుతుంది. ఒకరోజు ఆ బక్కెట్టులో, గోడలకు సున్నం వేసే పాత కుంచె ముంచి, మా చిన్నది బండ మీద ఒక గీత గీసింది.

నల్ల బండ మీద తడి ఇంకా నల్లగా, నిగనిగలాడుతూ కనపడింది. అది రెండో గీత గీసేలోపు మొదటిది అంచుల నుంచి ఆరిపోతూ సన్నబడుతోంది. ఇంకో చోట ఒక సున్నా చుట్టింది, లోపల ఇంకోటి. మెల్లగా ఊపు వచ్చింది. అరుగు ఈ కొస నుంచి ఆ కొసకు వంగి నడుస్తూ గీస్తోంది. కొసకు చేరేసరికి మొదలు మాయం. మళ్లీ వెనక్కి. గంట సేపు ఆడింది. ఆరు నెలలకు పైగా పెన్సిల్ కూడా బొమ్మ కోసం పట్టని పిల్ల.

నేను వాకిలి దాటలేదు. తలుపు చాటునే నిలబడి చూశాను. చూస్తుంటే అర్థమైంది. ఆ బొమ్మను ఎవరూ దిద్దలేరు. ఎవరూ బ్యాగులో పెట్టి పంపలేరు. నా నుంచి కాపాడుకోవడానికి దానికి దొరికిన కాగితం అదొక్కటే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా శిల్పాలు చెక్కి, చేతులు వణుకుతున్నాయని పని మానుకున్నాడు. ఊరందరికీ తాతే. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని మా నాన్నతో మాట్లాడి పోతాడు. ఆ రోజు ఆయన వచ్చి, దాని పక్కన గొంతు కూర్చున్నాడు.

"యాడ మొదలుపెట్టినావు పాపా?"

అది వేలితో చూపించింది. అక్కడ ఏమీ లేదు, ఎప్పుడో ఆరిపోయింది. ఆయన మాత్రం తలూపి అటే చూశాడు.

"మల్ల ఈడ ఎందుకు ఆపినావు?"

"ఈడ బండ బాగా కాల్తాంది తాతా. నీళ్లు నిలవడంల్యా."

"అవునా, సూడనీ" అని అరచెయ్యి పెట్టి చూశాడు. "ఆఁ, నిజమే. ఈ రాయి వేరే. దీనికి పొర ఉంది." ఇద్దరూ ఆ పొర ఎటు పోతోందో వేలితో వెతుక్కుంటూ చీకటి పడేదాకా కూర్చున్నారు. "ఇదేంది?" అన్న మాట ఆయన నోట ఒక్కసారి రాలేదు.

నేను ఉండబట్టలేక మరుసటి రోజు అడిగాను. "తాతా, మీ పనంతా కొలతలే కదా. మొహం ఎంతో దానికి తొమ్మిదింతలు ఒళ్లు ఉంటే నవతాళం అంటారు, వేలెడు తేడా వచ్చినా ఒప్పుకోరు. మరి ఈ పిచ్చిగీతలు మీకు ఎట్లా నచ్చినాయి?"

ఆయన నవ్వాడు. "కొలత దేవునికమ్మా. నేను పనిలోకి పోయిన కొత్తల్లో మా నాయన నాకు బొమ్మ ఇచ్చినాడా ఏమన్నా? పనికిరాని రాళ్ల మీద గీతలు కొట్టిచ్చినాడు నెలల తరబడి. అడ్డం, నిలువు, ఏటవాలు. అది బొమ్మా కాదు, ఏం కాదు. చేతికి రాయి తెలియాల గదా."

ఆ రాత్రి మిద్దె మీద పక్కలు వేసుకున్నాక దానితో మాట్లాడాను. "నీ వాన బొమ్మ నేను ముట్టుకోకుండా ఉండాల్సింది" అన్నాను. పిల్లలకు సారీ చెప్పడం మనకు అలవాటు లేని పని, గొంతులో ఏదో అడ్డం పడింది. అది అటు తిరిగి పడుకుని "ఊఁ" అంది. కాసేపటికి, "ఆ పక్షులైతే అస్సలు బాలేవమ్మా" అంది.

పొద్దున లేచేసరికి మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటిని తాకకుండా చుట్టూ ఒకే గీత తిప్పుకుంటూ వచ్చి మొదలైన చోటే కలుపుతుంది. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. మా అమ్మను ఎవరైనా ఎప్పుడైనా "ఇదేంటమ్మా, చిలకా, తామర పువ్వా?" అని అడిగారా? మెలికల ముగ్గులో చిలకా లేదు, పువ్వూ లేదు. ఒట్టి గీత, ఖాళీ, లెక్క. బాగుందనో, ఒక మెలిక తప్పిందనో అంటాం, అంతే. పెద్ద మాటల్లో నైరూప్య చిత్రం అని దేన్ని అంటారో దాన్ని మనం రోజూ తొక్కుకుంటూ పాల ప్యాకెట్టుకు పోతున్నాం. మనకు రానిదేమీ కాదు. కాగితం మీద కనపడితేనే భయం.

ఇంటికి వచ్చాక మధ్యాహ్నాలు ఫోన్లో దీని గురించి చదవడం మొదలుపెట్టాను. మీకూ నచ్చే రెండు మూడు సంగతులు చెప్తాను.

సయ్యద్ హైదర్ రజా పేరు విని ఉంటారు. 1922లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో, అడవుల మధ్య పల్లెలో పుట్టారు. చిన్నప్పుడు కుదురు లేని పిల్లవాడని వాళ్ల టీచరు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. ఆయన పారిస్ వెళ్లి ఎన్నో ఏళ్లు ఎన్నో రకాల బొమ్మలు వేశాక, చివరికి ఆ చుక్కే, బిందువే, ఆయన బొమ్మలకు నడుమ వచ్చి కూర్చుంది. ముగ్గు పెట్టే మనకు చుక్క గొప్పతనం వేరే చెప్పాలా!

ఇంకొకాయన కాండిన్‌స్కీ. రష్యాలో లా చదువుకుని, అది వదిలేసి 1896లో 30 ఏళ్ల వయసులో బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లాడు. ఒకరోజు మునిమాపు వేళ ఇంటికొస్తే గదిలో గోడకు ఆనించిన ఒక బొమ్మ వెలిగిపోతూ కనపడిందట. అందులో ఏముందో తెలియడం లేదు, ఒట్టి రంగులూ ఆకారాలూ. దగ్గరికి పోయి చూస్తే తన బొమ్మే, పక్కకు తిప్పి పెట్టి ఉంది. మరుసటి రోజు వెలుతుర్లో చూస్తే ఆ అందం మళ్లీ రాలేదు, ఎటు తిప్పినా వస్తువులు గుర్తొచ్చేస్తున్నాయి. తన బొమ్మల్ని చెడగొడుతున్నది వస్తువులేనని ఆ రోజు తెలిసిందని ఆయనే రాసుకున్నాడు. మోడర్న్ ఆర్ట్‌ను తలకిందులుగా తగిలించారని మన వారపత్రికల్లో ఎన్ని కార్టూన్లు చూసి నవ్వామో గుర్తుందా? ఆ జోకు నిజంగా జరిగింది. నవ్వాల్సిన చోట ఆయన ఆగి చూశాడు.

మన తెలుగువాళ్లలో గుడివాడలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎస్.వి. రామారావు గారివి చూడండి. 2001లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మలు నేను ఫోన్లోనే చూశాను. మా చిన్నదానికి చూపిస్తే, "ఈయన వాళ్లమ్మ ఏమీ అనలేదా?" అని అడిగింది. నేను ఏం చెప్పాలి!

రోడా కెలాగ్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో పసిపిల్లల బడి టీచరమ్మ ఉండేది. చిన్నపిల్లలు వేసిన గీతల కాగితాలు లక్షల్లో పోగుచేసి, వాటిల్లో 20 రకాల మూలగీతలు ఉన్నాయని తేల్చింది. పిల్లలు మనిషినీ ఇల్లునూ గీయడానికి ముందే సున్నాలు, అడ్డగీతలు, సున్నాలో ఇంటూ గుర్తు ఇవన్నీ వాటంతటవే వేస్తారట. అంటే ఇది మనం పిల్లలకు నేర్పేది కాదు. వాళ్లకు ఉన్నదాన్ని మనం 'ఇల్లు వెయ్యి, చెట్టు వెయ్యి' అని మాన్పిస్తున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు మా ఇద్దరూ, పక్కిళ్ల పిల్లలు ముగ్గురూ కూర్చుంటారు. ఖర్చు పెద్దగా లేదు. బెండకాయ తొడిమ వైపు కోసిన ముక్క రంగులో ముంచి అద్దితే నక్షత్రంలా పడుతుంది, కానీ దాంతో పూలదండ కట్టమని చెప్పకండి, ఎక్కడ అద్దుకుంటారో అద్దుకోనివ్వండి. రంగులో తడిపిన దారాన్ని మడిచిన కాగితంలో పెట్టి లాగడం మావాడికి పిచ్చి ఇష్టం. పసుపు నీళ్లతో కాగితం నింపి ఆరాక, వంటసోడా కలిపిన నీళ్లతో దాని మీద గీస్తే గీత ఎర్రగా మారుతుంది. నిమ్మరసం పెడితే మళ్లీ పసుపు. అది చూసి మొదటిరోజు వాళ్లు వేసిన కేకలకు కింద పోర్షన్ ఆమె పరిగెత్తుకొచ్చింది. పారాణికి వాడే సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కళ్లల్లో పడితే ప్రమాదం. మందార రేక కాగితం మీద రుద్దితే ఊదా రంగు వస్తుంది, దాని మీదా నిమ్మరసం పనిచేస్తుంది, చేసి చూడండి.

వీటికంటే వాళ్లకు ఎక్కువ నచ్చింది సప్పుళ్లను గీయడం. కుక్కర్ విజిలు, గ్రైండరు, అర్ధరాత్రి స్టేషను వైపు నుంచి వినపడే రైలు. మావాడు గ్రైండరుకు కాగితం చిరిగేదాకా సున్నాలు చుట్టాడు. పక్కింటి పాప విజిలుకు కాగితం అంతా ఖాళీగా వదిలి పైన ఒక్క ఎర్ర గీత గీసింది. ఇదేంటి అని అడగడానికి నోరు తెరిచి మూసుకున్నాను. "ఎక్కడ మొదలుపెట్టినావు?" అన్నాను. "ఇంకా మొదలుకాలేదు ఆంటీ, విజిలు కోసం చూస్తాండా" అంది. అన్నమంతా ఆ ఖాళీలో ఉడుకుతోందన్నమాట.

అన్ని వారాలూ ఇట్లా ఉండవు. ఒక్కోసారి పది నిమిషాల్లో విసుగొచ్చి రంగులు ఒకరి మీద ఒకరు చల్లుకుని కొట్టుకుంటారు. ఒక పిల్ల వాళ్లమ్మ, "ఏమక్కా, మా పాపకు నెమలి వేయడం నేర్పిస్తారనుకున్నాను" అంది. ఆమె బాధ నాకు తెలుసు. స్కూల్లో డ్రాయింగు పరీక్షకు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె కావాల్సిందే. మా చిన్నదానికి ఆ సీనరీ వేయమనే చెప్పాను. మార్కులు అక్కడ తెచ్చుకుంటుంది. రెండింటికీ గొడవ పెట్టడం నాకు ఇష్టం లేదు. చూసి గీయడం కూడా మంచి పనే, దానికీ చెయ్యి కుదరాలి. చూసి గీసిందే బొమ్మ, తక్కినవి పిచ్చిగీతలు అని మాత్రం నేనిక అనను.

దానికి నా మీద నమ్మకం పూర్తిగా వచ్చిందని చెప్పలేను. రంగుల పెట్టె కొత్తది కొన్నాను, ముట్టింది, వేస్తోంది. కానీ ప్రతి కాగితం వెనకాల ఒక మూలన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు రాసి పెడుతుంది: అమ్మ ముట్టుకోరాదు. తేదీ కూడా వేస్తుంది, మా ఇంట్లో కరెంటు బిల్లుల మీద మావారు వేసినట్టు. మొదట్లో చదివినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. తర్వాత అలవాటైంది. దుమ్ము దులిపేటప్పుడు అంచులు పట్టుకుని పక్కకు జరుపుతాను.

పోయిన గురువారం బీరువా మీద ఉన్న కాగితాలు సర్దుతుంటే కొత్తది ఒకటి కనపడింది. నల్లటి నలుపు, మధ్యలో ఒక గీత సన్నబడుతూ పోయి ఎక్కడో ఆగిపోయింది. వెనక్కి తిప్పి చూశాను. తేదీ ఉంది. ఆ మాట లేదు. మరిచిపోయిందో, కావాలనే రాయలేదో. ఇంకోసారి తిప్పి చూసి, ఎట్లా ఉన్నది అట్లాగే పెట్టేసి వంటింట్లోకి వచ్చేశాను.